పాత లివర్ యాక్షన్ రైఫిల్: ఎలా ఎంచుకోవాలి, ఎలా కాపాడుకోవాలి

పాత వేట రైఫిళ్లలో తుప్పు పట్టి పాడైనవాటికన్నా, "కొత్తదానిలా మెరిపిద్దాం" అనుకున్న యజమానుల చేతుల్లో పాడైనవే ఎక్కువ అని నా అభిప్రాయం. గరుకు కాగితం పెట్టి చెక్క గీకేస్తారు. పాలిష్ చక్రం పెట్టి ఇనుము మీది అక్షరాలు అరగదీస్తారు. తర్వాత మళ్లీ నల్లరంగు పట్టించి గోడకి తగిలిస్తారు. వందేళ్ల వయసు, ఆ వయసుతో వచ్చిన విలువ ఒక్క వారాంతంలో పోతాయి. అందుకే ఈ వ్యాసంలో నేను చెప్పే పద్ధతులన్నీ ఒకే ఉద్దేశంతో ఉంటాయి: ఉన్నది ఉన్నట్టు నిలబెట్టాలి, చెడిపోవడాన్ని ఆపాలి, అంతకుమించి చెయ్యకూడదు.

అమెరికాలో స్థిరపడి, వేట నేర్చుకుని, లేదా పాత యంత్రాల మీద ఇష్టంతో లివర్ యాక్షన్ రైఫిళ్లు కొనాలనుకునే తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కొక్కేన్ని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే, కాల్చిన తూటా ఖాళీ కేసు బయట పడుతుంది, కొత్త తూటా బ్యారెల్‌లోకి, అంటే తూటా దూసుకెళ్లే గొట్టంలోకి, వెళ్తుంది, తూటాని పేల్చే హామర్ వెనక్కి నిలబడుతుంది. ఆ కొక్కెమే లివర్.

ముందు మీ వీసా సంగతి తేల్చుకోండి

రైఫిల్ చూడ్డానికి వెళ్లకముందే ఈ పని కావాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు మామూలుగా తుపాకీ గానీ తూటాలు గానీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనవాళ్లకి ఎక్కువగా పనికొచ్చేది హంటింగ్ లైసెన్స్: అమెరికాలో ఒక రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని లైసెన్స్ చేతిలో ఉండాలి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకీ సిటిజన్లకీ ఈ అడ్డు లేదు. వీసా మీద ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడకుండా ముందుకి వెళ్లొద్దు. ఇక్కడ పొరపాటు జరిగితే రైఫిల్ ఒక్కటే పోదు, దేశంలో మీ ఉనికికే ముప్పు వస్తుంది.

డీలర్ దగ్గర కొంటే ఫారం 4473 నింపాలి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. ఆ ఫారంలో "అసలు కొంటున్నది మీరేనా" అనే ప్రశ్న ఉంటుంది. చట్ట ప్రకారం కొనలేని స్నేహితుడి కోసం మీ పేరు మీద కొనిపెట్టడం ఫెడరల్ నేరం. మొహమాటానికి కూడా ఒప్పుకోవద్దు.

రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి. న్యూజెర్సీలో ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు కావాలి, ఇల్లినాయ్‌లో ఫాయిడ్ కార్డు (తుపాకీ యజమాని ఐడీ) కావాలి. పక్క రాష్ట్రంలో ఉన్న మనిషి దగ్గర కొంటే మధ్యలో లైసెన్స్ ఉన్న డీలర్ ఉండాలి.

సేకరించేవాళ్లకి పనికొచ్చే సంగతులు రెండున్నాయి. 1898లోగానీ అంతకుముందుగానీ తయారైన రైఫిల్‌ని ఫెడరల్ చట్టం యాంటిక్‌గా లెక్కిస్తుంది, దానికి డీలర్ కాగితాలు అక్కర్లేదు. అయితే మీ రాష్ట్రం కూడా అలాగే చూస్తుందో లేదో విడిగా కనుక్కోవాలి. రెండోది, తయారై 50 ఏళ్లు దాటి అసలు రూపంలో ఉన్నవాటిని "క్యూరియో అండ్ రెలిక్" అంటారు. వీటి కోసం తుపాకుల చట్టాలు చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్ ఇచ్చే కలెక్టర్ లైసెన్స్ ఉంది, మూడేళ్లకి 30 డాలర్లు. అది ఉంటే వేరే రాష్ట్రం నుంచి కూడా ఆ తరహా రైఫిల్ నేరుగా మీ పేరుకి తెప్పించుకోవచ్చు. వచ్చినవీ వెళ్లినవీ ఒక పుస్తకంలో క్రమంగా రాసిపెట్టాలి.

మొదటి రైఫిల్‌గా ఏది మంచిది

ఈ తరహా రైఫిళ్ల చరిత్ర బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పేటెంట్ తీసుకున్న రైఫిల్‌తో ఊపందుకుంది. తర్వాత వించెస్టర్ కంపెనీ నుంచి 1866, 1873 మోడళ్లు వచ్చాయి. ఇవి మ్యూజియం వస్తువుల్లాంటివి. ధర ఎక్కువ, అతుకులు వేసినవి ఎక్కువ, నకిలీలూ ఉంటాయి. కన్ను కుదరకముందే వాటి జోలికి వెళ్లకపోవడం మంచిది. మొదలుపెట్టడానికి మూడు మోడళ్లు సరిపోతాయి: వించెస్టర్ 94, మార్లిన్ 336, సావేజ్ 99.

వించెస్టర్ 94 గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే సంత ఏదైనా మీకు ముందు ఎదురయ్యేది ఇదే. యూటాలోని ఆగ్డెన్‌కి చెందిన జాన్ మోజెస్ బ్రౌనింగ్ దీన్ని రూపొందించాడు. 1894లో అమ్మకానికి వచ్చింది. మరుసటి ఏడాది దీని కోసం వచ్చిన థర్టీ-థర్టీ తూటా, పొగ లేని మందుతో తయారైన తొలి అమెరికన్ వేట తూటాల్లో ఒకటి. తెల్లతోక జింక వేటలో ఈ రైఫిల్, ఈ తూటా జంటగా పేరు తెచ్చుకున్నాయి. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడేదాకా 70 లక్షలకు పైగా తయారయ్యాయి. పది లక్షలవ రైఫిల్‌ని 1927లో ప్రెసిడెంట్ కూలిడ్జ్‌కి బహూకరించారు. ఇన్ని తయారయ్యాయి కాబట్టి తొందరపడాల్సిన పని లేదు. ఒకటి చెయ్యి జారితే ఇంకొకటి దొరుకుతుంది.

కొనేవాళ్ల నోట మీరు తరచుగా వినే మాట "ప్రీ-64". 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి చాలా మార్పులు చేసింది. తూటాని పైకి ఎత్తే క్యారియర్‌ని అప్పటిదాకా ఉక్కు కోసి చేసేవారు. ఆ ఏడాది నుంచి రేకు ఒత్తి చేశారు. గట్టి పిన్నుల స్థానంలో బోలు పిన్నులు పెట్టారు. రిసీవర్, అంటే యంత్రమంతా కూర్చునే ఇనుప పెట్టె, దాని లోహం కూడా మారిపోయింది, దానికి మామూలు బ్లూయింగ్ (తుప్పు రాకుండా పట్టించే నల్లని పూత) సరిగా పట్టదు. రిసీవర్ అడుగున ముందు భాగంలో సీరియల్ నంబర్ ఉంటుంది. సుమారు 27 లక్షల దగ్గర ఈ గీత పడుతుంది, దానికన్నా తక్కువ నంబర్ ఉంటే పాత తరహాది. తర్వాతవి వేటకి పనికిరావని కాదు, ఆ రైఫిళ్లతో ఇప్పటికీ వేటాడేవాళ్లు ఎందరో ఉన్నారు. సేకరణ దృష్టితో చూస్తే మాత్రం నా డబ్బు పాతవాటి మీదే పెడతాను.

94తో ఉన్న ఒక ఇబ్బంది, 1980ల మొదటి ఏళ్లదాకా ఖాళీ కేసు నేరుగా పైకి ఎగిరి పడేది. అందుకే ఆ పాతవాటి రిసీవర్ మీద టెలిస్కోప్ బిగించడం కుదరదు. నలభై దాటి ఐరన్ సైట్, అంటే బ్యారెల్ మీద గురి చూసే ఇనుప ముక్క, మసకగా కనబడేవాళ్లకి మార్లిన్ నయం. 1948లో వచ్చిన 336కి రిసీవర్ పైభాగం మూసి ఉంటుంది, కేసు పక్కకి పడుతుంది. బ్యారెల్ మీద రిసీవర్‌కి దగ్గరగా, గుండ్రటి గీతలో "జేఎమ్" అక్షరాలు ఒత్తి ఉంటే అది కనెక్టికట్‌లోని పాత మార్లిన్ ఫ్యాక్టరీ బ్యారెల్ అని అర్థం. కంపెనీ 2007లో రెమింగ్టన్ చేతికి, 2020లో రూగర్ చేతికి వెళ్లింది. పాత ఫ్యాక్టరీవాటినే సేకరించేవాళ్లు వెతుకుతారు. 1973 నుంచి ఆ శతాబ్దం చివరిదాకా తయారైన మార్లిన్‌ల వయసు కనుక్కోవడం తేలిక. సీరియల్ నంబర్‌లోని మొదటి రెండు అంకెల్ని 100లోంచి తీసెయ్యండి. 22తో మొదలైతే 78, అంటే 1978.

సావేజ్ 99ది వేరే దారి. జమైకాలో పుట్టిన ఆర్థర్ సావేజ్ దీన్ని రూపొందించాడు. బయటికి హామర్ కనబడదు. తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో వరుసగా కాక, లోపల తిరిగే ఇత్తడి చక్రంలో కూర్చుంటాయి. రిసీవర్ ఎడమ పక్కన చిన్న కిటికీలో ఇంకా ఎన్ని తూటాలు మిగిలాయో అంకె కనబడుతుంది. 1965 తర్వాత వచ్చిన కొన్ని రకాలకి ఈ చక్రం బదులు విడిగా ఊడే మ్యాగజీన్ పెట్టారు, అవి చక్రం ఉన్నవాటంత ముచ్చటగా ఉండవు. కొనేటప్పుడు రిసీవర్ వెనక చెక్క కలిసే చోట పగుళ్లున్నాయేమో, టెలిస్కోప్ కోసం తర్వాత ఎవరైనా రంధ్రాలు వేశారేమో తప్పకుండా చూడండి.

చేతిలోకి తీసుకున్నాక

అమ్మేవాడిని అడిగి తీసుకోండి. బ్యారెల్ ఎవరివైపూ తిప్పకుండా పట్టుకోండి. వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉంచి, లివర్ పూర్తిగా తెరిచి, లోపలికి కళ్లతో చూడండి, చిటికెన వేలితో తడిమి చూడండి. 94, 336 రైఫిళ్లలో తూటాలు బ్యారెల్ కింది గొట్టంలో ఉంటాయి. ఆ గొట్టంలో స్ప్రింగ్ పట్టేసి ఒక తూటా లోపలే ఉండిపోవడం పాతవాటిలో జరుగుతుంది. లివర్ రెండుమూడు సార్లు ఆడించినంత మాత్రాన ఖాళీ అయిందని నమ్మొద్దు. తూటాల్ని తోసే చివరి ముక్క, అంటే ఫాలోవర్, లోపల కనబడాలి. అమ్మేవాడు "ఖాళీదే" అన్నా మీరు మళ్లీ చూడండి. ఈ పని చేసినందుకు తెలిసినవాడెవడూ నొచ్చుకోడు.

ఇక మొదట చూడాల్సింది స్క్రూలు. ఫ్యాక్టరీ స్క్రూల గాడి సన్నగా, అంచులు నిలువుగా ఉంటాయి. సరిపోని స్క్రూడ్రైవర్‌తో ఎవరైనా తిప్పితే గాడి అంచు చిట్లి, లోహం పైకి లేచి, వేలికి గరుకుగా తగులుతుంది. ఒకట్రెండు అలా ఉంటే ఫర్వాలేదు. అన్నీ అలాగే ఉంటే ఆ రైఫిల్‌ని ఎవరో చాలాసార్లు విప్పారు, లోపల ఏ ముక్క ఎక్కడిదో చెప్పలేం.

తర్వాత అరుగుదల ఎక్కడుందో చూడండి. వేటగాడు రోజంతా 94ని ఒంటిచేత్తో మోసేటప్పుడు బరువు సరిగ్గా తూగే చోటు రిసీవర్ అడుగు భాగం. ఏళ్ల తరబడి అరచెయ్యి తగిలి అక్కడ నల్లని పూత పోయి, ఉక్కు వెండిరంగులోకి తిరుగుతుంది. అంచుల దగ్గర తెలుపు, లోపలికి వెళ్లేకొద్దీ బూడిద, ఆపైన నలుపు ఇలా మెల్లగా కలిసిపోతుంది. అది నిజమైన వాడకం. చెక్క మీద లోతైన గీతలు, సొట్టలు ఉండి రిసీవర్ మాత్రం నల్లగా నిగనిగలాడుతోందంటే మళ్లీ పూత వేశారని అనుమానించాలి. అనుమానం తీర్చుకోవడానికి ఇంకో మూడు చోట్లు చూడండి: బ్యారెల్ మీద ఒత్తిన అక్షరాల అంచులు పదునుగా ఉన్నాయా, స్క్రూ రంధ్రాల చుట్టూ లోహం గిన్నెలా కుంగిందా, రిసీవర్ మూలలు గుండ్రంగా అయ్యాయా. అక్షరాలు చెదిరి, మూలలు అరిగి ఉంటే పాలిష్ చక్రం తిరిగినట్టే. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో వచ్చిన కొన్ని 94 రిసీవర్ల మీద బ్లూయింగ్ పెచ్చులుగా రాలిపోయి ఉంటుంది. అది ఆ కాలపు ఉక్కు లక్షణం, దాన్ని చూసి బెదరక్కర్లేదు.

చెక్క, ఇనుము కలిసే చోట వేలు పెట్టి జరపండి. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు చెక్క ఇనుముకన్నా కొద్దిగా పైకి ఉంటుంది. ఇనుము అంచు వేలికి మెట్టులా తగిలితే చెక్కని ఎవరో గీకేశారు.

బ్యారెల్ లోపల చూడ్డానికి చిన్న బోర్ లైట్ తీసుకెళ్లండి. లోపల మెలితిరిగిన గాడులు పదునుగా కనబడాలి. కాస్త నల్లదనం, అక్కడక్కడ చిన్న గుంటలు ఉన్నా చాలా రైఫిళ్లు బాగానే కాలుస్తాయి. బ్యారెల్ మూతి అంచు మాత్రం శ్రద్ధగా చూడండి. తూటా చివరిసారి తాకేది దాన్నే. శుభ్రం చేసే కడ్డీ రాసుకుని అది ఒక పక్కకి అరిగితే గురి చెడుతుంది.

చివరిగా యంత్రం. హామర్‌ని హాఫ్ కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగిన స్థితిలో, నిలబెట్టి, ట్రిగ్గర్ తాకకుండా వెనక నుంచి బొటనవేలితో గట్టిగా నెట్టండి. జారి పడితే ఆ రైఫిల్ తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చూసేదాకా కాల్చకూడదు. యజమాని ఒప్పుకుంటే మందు లేని డమ్మీ తూటాలు ఎక్కించి లివర్ ఆడించి చూడండి. ఆడించేటప్పుడు నెమ్మదిగా ఒకసారి, చురుగ్గా ఒకసారి ఆడించాలి. మార్లిన్‌లో లివర్ ముక్కు అరిగి, అది క్యారియర్‌ని కొరికి, తూటా క్యారియర్ కిందికి జారి ఇరుక్కుపోయే జబ్బు ఉంది. దాన్ని "మార్లిన్ జామ్" అంటారు. బాగుచెయ్యొచ్చు, కాని ధర మాట్లాడేటప్పుడు ఆ ఖర్చు గుర్తుంచుకోండి.

పాత 94 ఖరీదైన రకమని, అంటే ఎనిమిది పలకల బ్యారెల్, సగం పొడవు మ్యాగజీన్, విడదీసే తరహా అని అమ్మేవాడు ఎక్కువ ధర చెప్తుంటే మాట మీద కొనొద్దు. వయోమింగ్‌లోని కోడీలో ఉన్న కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియం దగ్గర వించెస్టర్ పాత ఫ్యాక్టరీ పుస్తకాలున్నాయి. మోడల్ 94లో మొదటి మూడున్నర లక్షల పైచిలుకు నంబర్లకి, ఆ రైఫిల్ ఏ రూపంలో గోదాములోకి వచ్చిందో, ఎప్పుడు బయటికి వెళ్లిందో రాసి ఉత్తరం ఇస్తారు. ఆ ఉత్తరానికి అయ్యే ఖర్చు పెద్ద కొనుగోలు ముందు లెక్కలోకి రాదు. కార్బైన్ అనే పొట్టి బ్యారెల్ రైఫిల్ కనిపిస్తే బ్యారెల్ కొలిచి చూడండి. 16 అంగుళాలకన్నా తక్కువుంటే ఫెడరల్ చట్టంలో వేరే నియమాలు వర్తిస్తాయి. కొన్ని అసలైన పాతవాటికి మినహాయింపు ఇచ్చారు గానీ, కాగితం చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

తూటాల దగ్గర ఒక్క తప్పూ జరగకూడదు

బ్యారెల్ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి నిలబడతాయి. వెనక తూటా మొన ముందు తూటా అడుగున ఉండే ప్రైమర్‌కి (దెబ్బ తగిలితే తూటాని పేల్చే బిళ్లకి) ఆనుకుని ఉంటుంది. మొన సూదిగా ఉంటే, రైఫిల్ తన్నినప్పుడు ఆ దెబ్బకి గొట్టంలోనే తూటా పేలే ప్రమాదం ఉంది. అందుకే 94, 336 లాంటివాటిలో మొన చదునుగా లేదా గుండ్రంగా ఉన్న తూటాలే వాడాలి. మెత్తటి ప్లాస్టిక్ మొనతో వీటికోసమే తయారుచేసినవి కూడా దొరుకుతాయి. చక్రం మ్యాగజీన్ ఉన్న సావేజ్ 99కి ఈ బాధ లేదు. పాత బ్యారెల్ మీద "30 డబ్ల్యూసీఎఫ్" అని ఉంటే అది థర్టీ-థర్టీయే. 32 స్పెషల్ అనే తూటా వేరు, రెండూ కలపొద్దు. తొలి ఏళ్ల 32-40, 38-55 తూటాల కోసం చేసిన బ్యారెళ్లలో ఈ కాలపు తూటాలు కాల్చే ముందు గన్‌స్మిత్‌కి చూపించండి. అసలు ఏ పాత రైఫిల్‌నైనా మొదటిసారి కాల్చేముందు హెడ్‌స్పేస్, అంటే తూటాకీ దాని వెనక మూసుకునే బోల్ట్‌కీ మధ్య ఉండే ఖాళీ, కొలిపించుకోవడం మంచిది.

శుభ్రం చెయ్యడం

గది గాలి ఆడేలా ఉండాలి. బల్ల మీద తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. వీలైతే తూటాలు ఆ గదిలోనే లేకుండా చూసుకోండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి, పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి, మధ్యలో కాఫీ, చిరుతిండి వద్దు. మసిలో సీసం ఉంటుంది.

స్క్రూడ్రైవర్ల మీద డబ్బు ఆదా చెయ్యకండి. హార్డ్‌వేర్ షాపులో దొరికేవాటి అంచు కత్తివాదరలా ఏటవాలుగా ఉంటుంది, గాడిలోంచి జారి స్క్రూ తలని చీరేస్తుంది. గన్‌స్మిత్‌లు వాడేవాటికి అంచు రెండు పక్కలా సమానంగా, గాడి అడుగుదాకా నిండుగా కూర్చుంటుంది. ప్రతి స్క్రూకీ సరిపోయే మొన ఎంచుకుని, నిలువుగా నొక్కి తిప్పండి.

మార్లిన్ 336ని వెనక నుంచి శుభ్రం చెయ్యొచ్చు. లివర్ సగం తెరవండి. లివర్ తిరిగే స్క్రూ ఒక్కటి విప్పండి. లివర్ కిందికి వచ్చేస్తుంది. బోల్ట్‌ని వెనక్కి జారిస్తే చేతిలోకి వస్తుంది. బోల్ట్ వచ్చాక లోపల ఎడమ గోడకి ఎజెక్టర్ అనే సన్నని ముక్క వదులుగా ఉంటుంది. అది కింద పడితే వెతుక్కోవాలి, కాబట్టి ముందే కింద గుడ్డ పరుచుకోండి. ఇక కడ్డీ రిసీవర్ వైపు నుంచి తోసి, మూతి వైపు బయటికి తియ్యండి. తిరిగి పెట్టేటప్పుడు మొదట ఎజెక్టర్‌ని దాని రంధ్రంలో కూర్చోబెట్టి, తర్వాత బోల్ట్, తర్వాత లివర్.

వించెస్టర్ 94కి ఆ సౌకర్యం లేదు. దాన్ని పూర్తిగా విప్పడం తెలియకపోతే విప్పొద్దు. మూతి వైపు నుంచే శుభ్రం చెయ్యాలి కాబట్టి, కడ్డీ అంచుకి రాసుకోకుండా ఆపే చిన్న మజిల్ గైడ్ తప్పనిసరి. లివర్ తెరిచి రిసీవర్‌లో గుడ్డముక్క కుక్కితే, మసి యంత్రంలోకి జారకుండా అందులో పడుతుంది. లేదంటే తాడుకి బ్రష్ కట్టినట్టుండే పుల్-త్రూ వాడండి.

మిగతాదంతా రెండింటికీ ఒకటే. మసిని కరిగించే సాల్వెంట్‌లో తడిపిన గుడ్డముక్క ఒకటి తోసి కాసేపు ఆగండి. కంచు బ్రష్ కొన్నిసార్లు చివరిదాకా తోసి తియ్యండి, మధ్యలో దిశ మార్చొద్దు. పొడి గుడ్డలు మసి తగ్గేదాకా మారుస్తూ వెళ్లండి. రాగి మరకలు తీసే అమోనియా సాల్వెంట్ వాడితే డబ్బా మీద రాసిన సమయం దాటి ఉంచకండి. చివర పల్చగా నూనె పట్టించండి. కాల్చేముందు ఆ నూనెని పొడి గుడ్డతో తుడిచేయాలి. యంత్రానికి నూనె బొట్టుబొట్టుగానే వెయ్యండి. ఎక్కువైతే అది వెనక్కి కారి చెక్కలోకి ఇంకుతుంది. రిసీవర్ వెనక చెక్క నల్లబడి మెత్తబడ్డ రైఫిళ్లు మీరు చూస్తారు, కారణం ఇదే. యుద్ధకాలపు పాత తూటాలు కాల్చి ఉంటే, వాటి ప్రైమర్‌లోని ఉప్పు నూనెకి కరగదు. అదే రోజు వేడినీళ్లతో బ్యారెల్ కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె పట్టించాలి.

చలిలో వేటాడి వెచ్చని ఇంట్లోకి తెచ్చిన రైఫిల్‌కి చెమట పడుతుంది. గది వేడికి వచ్చేదాకా ఆగి, బయటా లోపలా తుడిచి, అప్పుడే బీరువాలో పెట్టండి.

తుప్పు, చెక్క

గోధుమ-బూడిద రంగులో నున్నగా ఉండే పొర పేటీనా. దాన్ని ముట్టుకోవద్దు. ఎర్రగా, పొడిగా, వేలికి అంటుకునేది తుప్పు. దాన్ని మాత్రమే ఆపాలి. నూనె రాసి ఒక రాత్రి వదిలేయండి. తర్వాత అన్నిటికన్నా సన్నరకమైన, నాలుగు సున్నాల స్టీల్ వూల్‌ని నూనెలో ముంచి చాలా తేలికగా రుద్దండి. మొదట బయటికి కనబడని చోట, బ్యారెల్ కిందుండే చెక్క లోపల దాగిన ఇనుము మీద కొంచెం ప్రయత్నించండి. ఎరుపు రావడం ఆగిపోగానే మీరూ ఆపండి. ఇంకొంచెం మెరిస్తే బాగుండు అనిపిస్తుంది, అక్కడే చాలామంది చెయ్యి జారుతుంది. షాపులో సీసాలో దొరికే కోల్డ్ బ్లూ పూతలు పాత రైఫిల్ మీద వాడొద్దు. రంగు తేడా జీవితాంతం కనబడుతుంది, వాసన కూడా కొన్నాళ్లు పోదు.

చెక్కని కొద్దిగా తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బాగా ఎండిపోయినట్టుంటే బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, నాలుగు చుక్కలు అరచేత్తో రాసి, పావుగంట తర్వాత మిగిలింది తుడిచెయ్యండి. ఇక్కడొక హెచ్చరిక: ఆ నూనె పీల్చిన గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విప్పి పరిచి ఆరబెట్టాకే పారెయ్యండి. పగులుంటే గన్‌స్మిత్ లోపలి నుంచి అంటిస్తాడు. ఇనుముకీ చెక్కకీ కలిపి ఒక రక్షణ కావాలంటే మ్యూజియాలు వాడే మైక్రోక్రిస్టలిన్ మైనం పల్చగా రాయండి. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రెనైసాన్స్ వాక్స్ అనేది ఈ పనికి బాగా నమ్మకమైనది. రాశాక వేలిముద్రలు అంత తొందరగా తుప్పు పట్టించవు.

ఎక్కడ పెట్టాలి

తాళం వేసే ఉక్కు సేఫ్, అది కూడా ఇంటి లోపల. గ్యారేజీలో వేసవి ఉక్క, బేస్‌మెంట్‌లో చెమ్మ ఉంటాయి. సేఫ్‌లో తేమ 45-50 శాతం మధ్య ఉంటే ఇనుముకీ చెక్కకీ కూడా మంచిది. దానికి చిన్న హైగ్రోమీటర్, సిలికా జెల్ డబ్బా లేదా సన్నగా వేడెక్కే డీహ్యుమిడిఫైయర్ కడ్డీ చాలు. స్పాంజి ఉన్న కేసులో, తోలు ఒరలో నెలల తరబడి ఉంచొద్దు. ప్రయాణానికే అవి. తోలు తేమ పట్టుకుంటుంది, దానిలోని రసాయనం ఇనుముని తింటుంది. బ్యారెల్ మూతి కిందికి ఉండేలా నిలబెడితే నూనె చెక్కలోకి కారదు. మూతి కింద మెత్తటి గుడ్డ వెయ్యండి. నెలకొకసారి నూనె గుడ్డతో ఒకసారి తుడవండి.

పిల్లలున్న ఇంట్లో తూటాలు వేరే తాళంలో ఉండాలి. తాళంచెవులు, సేఫ్ నంబర్ పిల్లలకి అందకూడదు. పెద్దవాళ్లు ఇండియా నుంచి వచ్చి నెలల తరబడి ఉండే ఇళ్లలో, వాళ్లకి కూడా ఆ సేఫ్ ఏమిటో, ఎందుకు ముట్టకూడదో విడమరిచి చెప్పండి. పార్టీకి వచ్చినవాళ్లకి చూపించడానికి బయటికి తియ్యడం మానుకోండి.

ప్రతి రైఫిల్‌కీ ఒక ఫైలు పెట్టుకోండి: నాలుగు పక్కల ఫొటోలు, సీరియల్ నంబర్, కొన్న రశీదు, మ్యూజియం ఉత్తరం, గన్‌స్మిత్ చేసిన పనుల చీటీలు. ఇంటి ఇన్సూరెన్స్‌లో తుపాకుల దొంగతనానికి విడిగా ఒక పరిమితి ఉండడం మామూలు. మీ సేకరణ విలువ దాన్ని దాటితే అదనపు కవరేజీ అడగండి. వీటిని ఇండియాకి పంపే ఆలోచన పెట్టుకోవద్దు. అక్కడ 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్, దిగుమతి అనుమతి లేనిదే తుపాకీ అడుగుపెట్టదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. అందుకే వీలునామాలో అమెరికాలోనే ఉన్న, చట్ట ప్రకారం వీటిని ఉంచుకోగల మనిషి పేరు రాయండి. అలాంటివాళ్లు లేకపోతే ఏ డీలర్‌కి అప్పగించాలో రాసి, ఆ కాగితం నకలు ఫైలులో పెట్టండి.